సెలైన్ సూది ఇన్ఫెక్షన్లకు కూడా లెక్క ఉండాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఆసుపత్రుల్లో సోకే ఇన్ఫెక్షన్ల గురించి పత్రికల్లో వార్త వచ్చినప్పుడల్లా వెంటిలేటర్, ఆపరేషన్ థియేటర్, డయాలిసిస్ యూనిట్ అన్న మాటలే ఎక్కువగా కనిపిస్తాయి. ఐసీయూలో చేరిన దాదాపు ప్రతి రోగి చేతికీ ఉండే కాన్యులా గురించి, అంటే మనవాళ్లు సెలైన్ సూది అని పిలుచుకునే ఆ సన్నని ప్లాస్టిక్ గొట్టం గురించి, ప్రస్తావన చాలా అరుదు. 31 ఏళ్లు నర్సుగా పనిచేసి, అందులో 11 ఏళ్లు ఐసీయూలోనే గడిపి, పదవీ విరమణ చేసిన నేను ఆ గొట్టం గురించే ఈ లేఖ రాస్తున్నాను.

రెండేళ్ల కిందట మా చిన్నాన్నను నిమోనియాతో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాం. ఊపిరి అందక ఎగపోస్తున్న మనిషికి క్యాజువాలిటీలో హడావుడిగా మోచేతి మడతలో ఆకుపచ్చ కాన్యులా పెట్టారు. ప్రాణం నిలబెట్టాల్సిన ఆ క్షణంలో అలా పెట్టడాన్ని నేను తప్పుపట్టను. కానీ అలా తొందరలో పెట్టినదాన్ని, పరిస్థితి కుదుటపడగానే, ఒకటి రెండు రోజుల్లోపే తీసి వేరేచోట శుభ్రంగా పెట్టాలి. నాలుగో రోజు ఐసీయూ లోపలికి వెళ్లి చూసినప్పుడు అదే కాన్యులా, దాని మీద అంచులు లేచిపోయి నల్లబడిన ప్లాస్టర్, ఎక్కడా తేదీ లేదు. "ఇది ఎప్పుడు పెట్టారమ్మా?" అని డ్యూటీ నర్సును అడిగితే "నేను డ్యూటీకి వచ్చేసరికే ఉంది మేడం" అంది. ఆ అమ్మాయి చూస్తున్నది నలుగురు రోగులను. ఐదో రోజు రాత్రి చిన్నాన్నకు చలిజ్వరం వచ్చి బీపీ పడిపోయింది. కాన్యులా తీస్తే రంధ్రంలోంచి చీము వచ్చింది. ఆ చీములోనూ, రెండో చేతి నుంచి తీసిన రక్తంలోనూ క్లెబ్సియెల్లా అనే ఒకే క్రిమి పెరిగింది. వార్డుకు మారాల్సిన మనిషి మరో 12 రోజులు ఐసీయూలోనే ఉండి, చివరికి బతికి బయటపడ్డాడు. డిశ్చార్జి సమ్మరీలో మాత్రం "సెప్సిస్" అన్న ఒక్క మాట ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో అందులో లేదు, ఆ ఆసుపత్రి లెక్కల్లోకి కూడా ఎక్కి ఉండదు. నా ఆవేదన అంతా ఆ రాయని మాట గురించే.

చర్మం శరీరానికి గోడ లాంటిది. కాన్యులా పెట్టడమంటే ఆ గోడకు రంధ్రం చేసి, రోజుల తరబడి దాన్ని తెరిచి ఉంచడమే. చర్మం మీది క్రిములు గొట్టం వెంబడి లోపలికి దిగుతాయి. ఇంజెక్షన్ ఇచ్చే ప్రతిసారీ మూత తెరిచిన చోట, కడగని చేతుల నుంచి మరికొన్ని ప్రవేశిస్తాయి. ఎక్కించే ద్రవమే కలుషితమైతే ఇక చెప్పక్కర్లేదు. అవి ప్లాస్టిక్‌కు అతుక్కుని జిగురు పొరలా పేరుకున్నాక యాంటీబయాటిక్ వాటిని సరిగా చేరలేదు కాబట్టి, గొట్టం తీయకుండా చేసే వైద్యం తరచుగా ఫలించదు. ఐసీయూలో ఈ ముప్పు మరీ ఎక్కువ, ఎందుకంటే అక్కడ ఆ మూత రోజుకు ఎన్నిసార్లు తెరుచుకుంటుందో లెక్కలేదు, పైగా మత్తుమందు ప్రభావంలో ఉన్న రోగి "చెయ్యి మంటగా ఉంది" అని చెప్పలేడు.

ఇది నా ఒక్కదాని అనుభవం మాత్రమే కాదు. మన దేశంలో 19 నగరాల్లోని 57 ఆసుపత్రులకు చెందిన 204 ఐసీయూలను ఆరేళ్లపాటు పరిశీలించిన అధ్యయనం ఒకటి 2020లో వెలువడింది. ప్రతి వెయ్యి కాన్యులా రోజులకు (ఒక కాన్యులా ఒక రోజు ఉంటే అది ఒక కాన్యులా రోజు) దాదాపు మూడు రక్త ఇన్ఫెక్షన్లు వస్తున్నాయని, అవి సోకినవారిలో మరణాలూ ఐసీయూలో గడిపే రోజులూ ఎక్కువేనని అందులో తేలింది. ప్రపంచవ్యాప్తంగా జరిగిన 200 అధ్యయనాలను 2006లో కలిపి చూసినప్పుడు ఈ రకం కాన్యులాలకు వచ్చిన సంఖ్య 0.5 మాత్రమే. అందులో అన్ని రకాల వార్డులూ ఉన్నాయి కనుక రెండింటినీ సరిసమానంగా పోల్చలేమన్నది నిజమే, అయినా ఆ తేడాను తేలిగ్గా తీసుకోలేం. 20 పడకల ఐసీయూ ఏడాదంతా నిండి ఉండి, ఒక్కొక్కరికి ఒక్క కాన్యులాయే ఉందనుకున్నా 7,300 కాన్యులా రోజులవుతాయి. వెయ్యికి మూడు చొప్పున వేస్తే అక్కడ ఏడాదికి 21 మందికి పైగా ఇలా జబ్బు పడతారు.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉదయాన్నే ఒక సెలైన్ సీసాకు సూది గుచ్చి ఉంచి, రాత్రి వరకు వార్డులోని కాన్యులాలన్నీ అందులోంచి తీసిన నీటితోనే కడిగేవాళ్లం. గాలి వెళ్లడానికి సీసా పైన ఇంకో సూది గుచ్చేవాళ్లం. ప్లాస్టర్ ముక్కలు ముందే చింపి మంచం కమ్మీకి అతికించుకునేవాళ్లం. అందరూ చేసే పనే కనుక తప్పని తోచలేదు. ఒక సీసాలో చేరిన క్రిమి పది మంది రక్తంలోకి వెళ్లగలదని ఒక శిక్షణలో తెలుసుకున్న రోజు నాకు నిద్ర పట్టలేదు. ఈ పద్ధతులు ఇప్పటికీ పూర్తిగా పోలేదని మా చిన్నాన్న పక్కన కూర్చున్నప్పుడు చూశాను.

కాన్యులాను ఎన్ని రోజులకు మార్చాలన్న దానిపై నిపుణుల్లో భిన్నాభిప్రాయం ఉంది. మూడు నాలుగు రోజులకొకసారి మార్చడం పాత పద్ధతి. వాపో నొప్పో కనిపిస్తేనే మార్చినా నష్టం లేదని 2012లో ఆస్ట్రేలియాలో 3,000 మందికి పైగా రోగుల మీద జరిగిన పరీక్ష చెప్పింది. కానీ జెనీవా ఆసుపత్రుల్లో ఆ కొత్త పద్ధతికి మారాక రక్త ఇన్ఫెక్షన్లు పెరిగాయని 2021లో ప్రచురితమైన పరిశీలన తెలిపింది. నా అభిప్రాయం ఇది: లక్షణం కనిపిస్తేనే తీయాలన్న నియమం, షిఫ్టుకొకసారైనా కట్టు వైపు చూసి, చేత్తో తాకి పరీక్షించే మనిషి ఉన్నచోట మాత్రమే క్షేమకరం. అలా చూసే తీరిక లేని మన ఐసీయూల్లో ఆ నియమం కాస్తా "ఎవరూ చూడనక్కర్లేదు" అన్నట్టుగా మారిపోతుంది కనుక, గడువు పెట్టుకుని మార్చడమే మేలు.

తీరిక లేకపోవడానికి కారణం నర్సుల సోమరితనం కాదు. వెంటిలేటర్ మీద ఉన్న ఒక్కో రోగికి ఒక నర్సు ఉండాలన్నది నియమం. ముగ్గురు నలుగురు రోగులను ఒక్కరికే అప్పగించి, ప్రతి ఇంజెక్షన్‌కు ముందు చేతులు శుభ్రం చేసుకో, మూతను స్పిరిట్‌తో గట్టిగా రుద్ది ఆరనివ్వు అని గోడకు పోస్టరు అంటిస్తే ప్రయోజనం ఏముంటుంది?

ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్ సంస్థ సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద రక్తనాళం దాకా వేసే గొట్టం) ఇన్ఫెక్షన్లు, వెంటిలేటర్ నిమోనియా, మూత్రపు గొట్టం ఇన్ఫెక్షన్లు, ఆపరేషన్ గాయాల ఇన్ఫెక్షన్ల లెక్కలు అడుగుతుంది. లెక్క అడుగుతారు కాబట్టే సెంట్రల్ లైన్‌కు ప్రత్యేకంగా ఫారం ఉంటుంది, తేదీ ఉంటుంది, రోజూ "ఇంకా అవసరమా?" అని అడిగే డాక్టరు ఉంటారు. చేతి కాన్యులా విషయంలో ఇంత శ్రద్ధ ఎక్కడా కనిపించదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రత్యేకంగా ఈ చేతి కాన్యులాల కోసమే మార్గదర్శకాలు ప్రకటించింది కనుక, ఇది చిన్న విషయమని పక్కన పెట్టడానికి ఇక వీల్లేదు.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ప్రభుత్వమే ఆసుపత్రులకు డబ్బు చెల్లిస్తోంది కాబట్టి అడిగే అధికారం దానికి ఉంది. ఈ పథకాల్లో ఉన్న ప్రతి ఐసీయూ కాన్యులా పెట్టిన తేదీని, సమయాన్ని, తీసిన తేదీని కేసు షీటులో రాయాలని, దాని వల్ల వచ్చిన రక్త ఇన్ఫెక్షన్లను నెలనెలా ప్రభుత్వానికి తెలపాలని రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలు ఉత్తర్వులు ఇవ్వాలని కోరుతున్నాను. ఎక్కువ సంఖ్య చెప్పిన ఆసుపత్రిని వెంటనే శిక్షిస్తే మరుసటి నెల నుంచి అందరూ సున్నా రాస్తారు. అందువల్ల మొదటి ఏడాది ఎక్కువ ఉన్నచోటికి శిక్షణనూ సిబ్బందినీ పంపాలి. ఇన్ఫెక్షన్ కాన్యులా వల్ల వచ్చిందని తేలితే ఆ మాట డిశ్చార్జి సమ్మరీలో రాసి రోగి చేతికి ఇవ్వడం మాత్రం మొదటి రోజు నుంచే తప్పనిసరి చేయాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు,
హనుమకొండ