పాత నెగెటివ్‌లు పారేయకండి

ఫొటోగ్రాఫర్ అన్నలకు, తమ్ముళ్ళకు నమస్కారం. నిన్న అటక సర్దుతుంటే నా పాత ఫిల్ము కెమెరా యాషికా మ్యాట్ 124జి దొరికింది, చేతిలోకి తీసుకోగానే తిరుచానూరు పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. దాంట్లో వేసే 120 ఫిల్ము రోలుకు 12 ఫొటోలే కదా, తాళి కట్టే వేళకు ఎన్ని మిగిలాయో ముందే లెక్క చూసుకోవాలి, అప్పుడు రోలు అయిపోతే ఇంక అంతే, ఆ టెన్షన్ మనకే తెలుసు. 35 ఎంఎం కెమెరా కొన్నాక రోలుకు 36 వచ్చేవి, కాస్త ఊపిరి పీల్చుకున్నాను. రాత్రిపూట డార్క్ రూంలో ఎర్ర బల్బు కింద, బొమ్మను తేల్చే డెవలపర్ మందు ట్రేలో బ్లాక్ అండ్ వైట్ పేపరు మీద పెళ్ళికూతురి ముఖం మెల్లగా తేలుతుంటే ఎన్నిసార్లు చూసినా తనివి తీరేది కాదు.

అసలు విషయం, మీ నెగెటివ్ డబ్బాలు ఒకసారి తెరిచి చూడండి. వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తే ఆ ఎసిటేట్ (ఒక రకం ప్లాస్టిక్) ఫిల్ము పాడవుతున్నట్టే, దాన్నుంచి వచ్చే ఆ పుల్లటి ఆవిరి పక్కవాటినీ పాడుచేస్తుంది, కాబట్టి వేరుగా పెట్టి ముందు వాటినే స్కాన్ చేయించండి. లెన్సుల డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేయండి, వానాకాలం తేమకు బూజు పడుతుంది. ఆదివారం పొద్దున కపిలతీర్థం దగ్గర కలుద్దాం, పాత కెమెరాలు తీసుకురండి.