స్టార్స్ మ్యాచ్‌లు ఇక మన కౌంటర్ మీద రేడియోలో

అందరికీ నమస్కారమండీ. పోయిన వారం డాలస్ స్టార్స్ ఐస్ హాకీ మ్యాచ్ టైముకి హాల్లో టీవీ కట్టేసి ఉంటే చాలామంది అడిగారు. టీవీ పాడవలేదు, నేనే కట్టేశాను. తప్పు నాది, అదేంటో చెప్పేస్తా.

అమెరికాలో డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఈ టిఫిన్ సెంటర్ తెరిచిన కొత్తలో మాకు క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలీదు. ఐస్ హాకీ పిచ్చి మా అబ్బాయి అంటించాడు. డాలస్ స్టార్స్ మ్యాచ్‌లు అప్పట్లో బాలీ స్పోర్ట్స్ కేబుల్ చానల్లో వచ్చేవి. దాన్ని నడిపే కంపెనీ 2023లో దివాలా పిటిషన్ వేసింది. 2024 జులైలో స్టార్స్ వాళ్లు ఆ చానల్ వదిలేసి విక్టరీ ప్లస్ అనే యాప్‌కి మారిపోయారు. చందా లేదు, ప్రకటనలు భరిస్తే చాలు. ఫ్రీ అనేసరికి ప్రాణం లేచొచ్చి, ఇంట్లో వాడే అకౌంట్నే తెచ్చి హాల్లో టీవీకి తగిలించేశా.

మన కస్టమర్లలో ఒక లాయరుగారు ఇడ్లీ తింటూ తింటూ, "అక్కా, ఇంట్లో చూడ్డానికి ఫ్రీ అంటే హోటల్లో చూపించడానికి కూడా ఫ్రీ అని కాదు" అన్నారు. వ్యాపారం చేసే చోటికి వేరే కనెక్షన్ తీసుకోవాలట. కనుక్కుంటే, మన హాల్లో ఎంతమంది పడతారో చూసి రేటు కడతామన్నారు. ఆ డబ్బు నా దగ్గర లేదు. దోసె మీద వేద్దామంటే మీరు ఊరుకోరు.

అసలు టీవీతో ఇంకో గొడవ కూడా ఉండేది. వంటింట్లో బాబాయ్ దగ్గర రేడియో ఉంటుంది కదా, ది టికెట్ స్టేషన్, 96.7 ఎఫ్‌ఎం. యాప్‌లో బొమ్మ రేడియో కంటే వెనకాల వస్తుంది. హాల్లో ఇంకా పక్ (బంతి బదులు వాడే నల్ల బిళ్ల) మధ్యగీత కూడా దాటదు, లోపల బాబాయ్ పెనం మీద అట్లకాడతో టంగుమని కొట్టి "గోల్!" అని అరిచేవాడు. మూడో టేబుల్ వాళ్లు ప్లేటు అలాగే వదిలేసి వంటింటి గుమ్మం దాకా వెళ్లి మరీ తిట్టొచ్చారు ఒకసారి.

అందుకని ఆ రేడియోనే కౌంటర్ మీదకి తెచ్చేశా. ఇంట్లో వాడే మామూలు సెట్టు ఒకటి పెట్టుకుని, దానికని డబ్బులు తీసుకోకుండా వినిపిస్తే ఇక్కడి చట్టం ఒప్పుకుంటుంది. యాంటెన్నాకి ఉచితంగా అందే ఏబీసీ చానల్లో వచ్చే మ్యాచ్‌లైతే టీవీలోనే చూడొచ్చు, యాంటెన్నా పెట్టించాను. ఇక్కడ ఎనిమిదో నంబరు చానల్.

రేడియోలో హాకీ ఏం అర్థమవుతుందని మావారే నవ్వారు. టీవీలో మాత్రం ఆ పక్ మనకెక్కడ కనబడి చచ్చింది? చిన్నప్పుడు బెజవాడలో ట్రాన్సిస్టర్ చుట్టూ కూర్చుని క్రికెట్ విన్నవాళ్లం కాదూ మనం! పైగా టీవీకీ రేడియోకీ ఒకే జోడీ మాట్లాడడం ఈ టీమ్‌లో ఎప్పట్నించో ఉన్న పద్ధతి. జోష్ బోగొరాడ్ ఊపిరి తీసుకోకుండా ఆట చెప్తుంటే, డారిల్ రే మధ్యలో చురకలు వేస్తుంటాడు. ఆయన ఒకప్పుడు గోలీ, అంటే గోల్ కాపలా ఆటగాడు, అందుకే గోలీ తప్పు చేస్తే ఎందుకు చేశాడో కూడా చెప్తాడు. ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివర కప్పు కోసం ఆడే మ్యాచ్‌ల్లో, రెండో రౌండు నుంచి టీవీ హక్కులు జాతీయ చానళ్లకే వెళ్లిపోతాయి, ఈ ఇద్దరూ టీవీలో ఉండరు. రేడియోలో మాత్రం చివరిదాకా వాళ్లే.

ఒక్క మనవి. పీరియడ్ (ఆటలో ఒక భాగం) అయ్యాక విరామం పావుగంట పైనే ఉంటుంది, అందరూ అప్పుడే దోసెలు చెప్తే పెనాలు చాలట్లేదు. ఆట నడుస్తుండగానే ఆర్డర్ చెప్పేయండి. బాబాయ్ ఇక ఎంత అరిచినా ఎవరూ తిట్టక్కర్లేదు, గోల్ సంగతి అందరికీ ఒకేసారి తెలుస్తుంది.