పాటలో గొంతు మాయమైన వైనం

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు ముందుగా నన్ను మన్నించు. పాటల ప్లేయర్‌తో వచ్చిన ఇయర్‌ఫోన్లు పాడయ్యాయనీ, తక్కువ ఖర్చులో వాటికి బదులు ఏవి కొనాలో చెప్పమనీ నువ్వు అడిగిన రోజుల్లోనే నావీ పోయాయి. తెలిసీ తెలియని సలహా ఇవ్వడం కంటే నేను కొని, విని, తేల్చుకున్నాక రాయడం మంచిదనుకున్నాను; ఆ తేల్చుకోవడంలోనే రెండు నెలలు గడిచిపోయాయి. ఇంట్లో అందరం క్షేమం, ఉద్యోగం ఎప్పటిలాగే సాగుతోంది, అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. మిగతా కబుర్లు మరోసారి రాస్తాను, ఎందుకంటే ఈ ఒక్క సంగతి నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టేలా లేదు.

కొత్తగా కొన్న, వైరు మీద మైకు ఉన్న ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకొని మన పాట మొదలుపెట్టాను. ఏ పాటో నీకు చెప్పనక్కరలేదు, 'రెండో చరణం' అంటే చాలు. ముందు వాయిద్యాలు వచ్చాయి, వయొలిన్లు చెవులకు దగ్గరగా, స్పష్టంగా వినిపించాయి, తీరా పల్లవి ఎత్తుకోవలసిన చోట గొంతు లేదు! బొత్తిగా లేదనడం కూడా సరి కాదు. నూతి అడుగున ఎవరో పాడుతుంటే గట్టు మీదికి చేరే ప్రతిధ్వనిలాంటిది మాత్రం వినిపిస్తోంది. ఫైలు చెడిపోయిందనుకొని మరో పాట పెట్టాను, అక్కడా గాయని లేదు. అప్పుడు బాగా పాత పాట ఒకటి, ఎడమ కుడి అనే తేడా లేని మోనో రికార్డింగు, పెట్టి చూస్తే దాదాపు నిశ్శబ్దమే మిగిలింది. ఇన్నేళ్లుగా నాతో ఉన్న ప్లేయర్ ఇక పోయినట్టేనని నాకు గుండె జారిపోయింది.

వైరును సర్దుకుంటూ ఉండగా, మైకు దగ్గరున్న చిన్న బటన్ అనుకోకుండా నా వేళ్ల మధ్య నలిగింది. ఆ క్షణంలో గొంతు నిండుగా, నడిమధ్యకు, ఎప్పుడూ ఉండే చోటికి వచ్చి నిలబడింది. వేలు తీశాను, మాయమైంది. మళ్లీ నొక్కాను, వచ్చింది. ఆ రాత్రి ఆ పాటను మొదటి నుంచి చివరి దాకా బటన్ నొక్కి పట్టుకొనే విన్నాను. రెండో చరణం దగ్గర నువ్వు పక్కన లేకపోవడం చాలా వెలితిగా అనిపించింది.

దీనికి కారణం ప్లేయర్‌లోకి దూర్చే పిన్నులో ఉంది. నీ పాత ఇయర్‌ఫోన్ల పిన్నును ఒకసారి వెలుతురులో చూడు: దాని మీద రెండు నల్ల గీతలుంటే లోహం మూడు భాగాలుగా ఉన్నట్టు. కొసన ఉన్నది ఎడమ చెవికి, తర్వాతది కుడి చెవికి, మూడోది రెండింటికీ ఉమ్మడిగా కరెంటు తిరిగి వెళ్లే దారి. మైకు ఉన్న ఇయర్‌ఫోన్లకు మూడు గీతలు, నాలుగు భాగాలు ఉంటాయి. ఇప్పటి ఫోన్లలో వాడుకగా ఉన్న అమరికలో మూడోది ఉమ్మడి దారి, నాలుగోది మైకుకు. మూడు భాగాల పిన్ను కోసమే చేసిన నా ప్లేయర్ జాక్, అంటే పిన్ను దూరే రంధ్రం, ఉమ్మడి దారి కోసం తడిమి, నాలుగోదైన మైకు భాగాన్ని మాత్రమే పట్టుకుంటోంది. అలా ఉమ్మడి దారి తెగినప్పుడు రెండు చెవుల స్పీకర్లు ఒకే గొలుసులో కలిసిపోయి, ఎడమ కుడి ధ్వనుల మధ్య ఉన్న తేడాను మాత్రమే పలుకుతాయి. గొంతును రికార్డింగులో సాధారణంగా రెండు వైపులా సమానంగా ఉంచుతారు కాబట్టి తేడాలో అది చెరిగిపోతుంది, పక్కకు జరిపి ఉంచిన వయొలిన్లు, గొంతు వెనకాల కలిపిన ప్రతిధ్వని మిగులుతాయి. మోనో పాటలో రెండు వైపులా ఒకటే కాబట్టి ఏమీ మిగలదు. బటన్ నొక్కితే మైకు వైరు ఉమ్మడి వైరుతో కలుస్తుంది, దారి దొరుకుతుంది, గొంతు తిరిగి వస్తుంది.

అన్ని ప్లేయర్లకూ ఈ ఇబ్బంది రాదు, చాలా జాక్‌లు ఆ రెండు భాగాలనూ కలిపి పట్టుకుంటాయి. అయినా ఫోను లేకుండా పాటలు వినడానికే కొనే వాళ్లకు మైకుతో పనేముంది? రెండు గీతల పిన్నున్నవే తీసుకో. ఇంకొక మాట, కొనే ముందు నీ ఇయర్‌ఫోన్లు నిజంగా పోయాయో లేదో చూసుకో. జేబులోని నూలు పీచు జాక్ అడుగున పేరుకొని పిన్ను పూర్తిగా దిగకపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది. ప్లేయర్ ఆపేసి, చెక్క పుల్లతో నెమ్మదిగా తీసి చూడు. ఒక వైపు మాత్రమే సన్నగా వినిపిస్తుంటే చెవి గులిమి జాలీకి అడ్డుపడి ఉండవచ్చు. నావి మాత్రం నిజంగానే పోయాయి, పిన్ను మొదట్లో వైరు వంగే చోట లోపలి రాగి పోగులు తెగాయి. అతికిద్దామని విప్పితే, వెంట్రుకల్లాంటి ఆ పోగుల మీద రంగురంగుల ఎనామిల్ పూత ఉంది, దాన్ని కాల్చి తీస్తే తప్ప సోల్డర్, అంటే వైర్లను అతికే కరిగించిన లోహం, అంటుకోదు. ఆ సాయంత్రం గురించి... సరే, అది వేరే ఉత్తరం.

ఆ మైకు జతను చెల్లికి ఇచ్చాను, ఆమె ఫోనులో అవి చక్కగా పలుకుతున్నాయి. తర్వాత నేను కొన్నది మైకు లేని, మామూలు 3.5 మిల్లీమీటర్ల పిన్నున్న, ఒక్కో చెవికి ఒకే డైనమిక్ డ్రైవరు (తీగచుట్ట పలుచని పొరను కదిలించి ధ్వని పుట్టించే చిన్న స్పీకరు) ఉన్న జత. ఎన్నో ఏళ్లుగా ఈ పిన్ను కొలత మారకపోవడం మనలాంటి వాళ్ల అదృష్టం. 1979లో వచ్చిన మొదటి వాక్‌మన్‌కు ఇద్దరు కలిసి వినడానికి రెండు జాక్‌లుండేవి. మనకు అది దొరికి ఉంటే ఒక్కో చెవి పంచుకునే అవసరమే ఉండేది కాదు.

పెట్టె మీద రాసే అంకెల్లో రెండింటినే పట్టించుకో. ఇంపీడెన్స్ (కరెంటుకు ఇయర్‌ఫోన్లు ఇచ్చే అడ్డు) 16 నుంచి 32 ఓమ్‌ల మధ్య, సెన్సిటివిటీ (ఇచ్చిన కరెంటుకు ఎంత గట్టిగా పలుకుతాయో చెప్పే అంకె) మిల్లీవాట్‌కు 100 డెసిబెల్స్ ప్రాంతంలో ఉంటే చిన్న బ్యాటరీ ప్లేయర్ వాటిని సులువుగా పలికిస్తుంది. 250 ఓమ్‌ల స్టూడియో హెడ్‌ఫోన్లు ఎంత గొప్పవైనా ఇలాంటి ప్లేయర్‌తో నీరసంగా వినిపిస్తాయి. అలాగని సెన్సిటివిటీ మరీ ఎక్కువైతే పాటకూ పాటకూ మధ్య సన్నని బుస వినపడుతుంది. 20 నుంచి 20,000 హెర్ట్జ్ అని ప్రతి పెట్టె మీదా ఉంటుంది, అది మనిషి చెవికి అందే పరిధి మాత్రమే. 40,000 దాకా అని రాసినంత మాత్రాన పాట మెరుగుపడదు. తక్కువ ధరలో నాలుగైదు డ్రైవర్లు ఉన్నాయని చెప్పుకునే వాటి కంటే శ్రద్ధగా చేసిన ఒక్క డ్రైవరే మేలని నా గట్టి అభిప్రాయం.

ఇంత చూసి కొన్నా మొదటి రోజు బేస్, అంటే బరువైన కింది ధ్వని, అసలు వినపడక మళ్లీ దిగులు పడ్డాను. ఎడమ చెవిలో రబ్బరు టిప్పు వదులుగా ఉందని ఆలస్యంగా తెలిసింది. గాలి చొరబడే సందు ఉంటే ముందుగా పోయేది బేసే. ఎడమకు పెద్దది, కుడికి మధ్యస్థం వేసుకున్నాను, మృదంగం దరువు ఛాతీ దాకా వచ్చింది. రెండు చెవులూ ఒకే కొలతలో ఉండాలన్న నియమం ఏమీ లేదు కదా. చెవిలో పెట్టుకొని నువ్వే ఒక మాట అను. నీ గొంతు నీకు లోపలి నుంచి బరువుగా వినిపిస్తే టిప్పు సరిగ్గా కూర్చున్నట్టు. రబ్బరు నప్పకపోతే ఫోమ్ టిప్పులు విడిగా దొరుకుతాయి. ఇలా కుదిరితే బయటి రొద తగ్గుతుంది, వాల్యూమ్ కూడా తగ్గించవచ్చు. పెద్దవాళ్లు వారానికి 40 గంటలు వింటే ధ్వని 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ వినదగిన సమయం సగానికి పడిపోతుంది. నువ్వు ఎంత గట్టిగా పెట్టుకొని వింటావో నాకు తెలుసు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

వీలైతే వైరు ఊడదీసి మార్చుకోగలిగే రకం తీసుకో, వైరు తెగినప్పుడు స్పీకర్లను కూడా పారేయవలసిన పని ఉండదు. అయితే ఆ కనెక్టర్లలో రకాలున్నాయి, 0.78 మిల్లీమీటర్ల రెండు పిన్నులది ఒకటి, గుండ్రంగా తిరిగే ఎంఎంసీఎక్స్ మరొకటి. ఒకదాని వైరు రెండో దానికి పట్టదు, కాబట్టి...

చెల్లి బయలుదేరుతోంది, ఈ ఉత్తరం ఆమె చేతికే ఇవ్వాలి. నీ పిన్ను మీద గీతలెన్నో లెక్కపెట్టి వెంటనే రాయి, అప్పటిదాకా ఏదీ కొనకు.

నీ
'రెండో చరణం'