ఆమె పేరు తీయించను

అమ్మాయీ,

నా రెండో భార్య గురించి ఆదివారం ఫోన్లో నువ్వు గట్టిగా అడిగేసరికి నాకు మాట తడబడి పెట్టేసినా. అందుకే కాగితం మీద రాస్తున్నా.

"ఆమె ప్రొద్దుటూరు వదిలి జమ్మలమడుగులో తమ్ముడింటికి వెళ్లిపోయి ఏడాది దాటింది గదా, విడాకులు తీసుకుని నీ పెన్షన్ ఆర్డరు కాగితం పీపీఓలో పేరు కొట్టేయించొచ్చు గదా" అన్నావు. లాయరూ అదే చెప్పినాడు. ఏడాది విడిగా ఉన్నారు కాబట్టి ఇద్దరూ ఒప్పుకుని పిటిషన్ వేయొచ్చు, ఆపైన ఆర్నెల్ల గడువు, అంతే అన్నాడు.

ముందు ఈ లెక్క విను. నేనుండగా నా పెన్షన్లో భార్యకు ఇంత వాటా అని మన చట్టంలో లేదు. విడిపోతే కోర్టు నా రాబడి చూసి భరణం వేస్తుంది. నేను పోయాక వచ్చే ఫ్యామిలీ పెన్షన్ సంగతి వేరు. అది నేను పోయేనాటికి భార్యగా ఉన్నామెకే. ఎక్కడ కాపురముందని కాదు, విడాకులయ్యాయా లేదా అన్నదే లెక్క. రిటైరయ్యాక చేసుకున్న భార్యకు అది రాదని ఒకప్పుడు కేంద్రం రూల్సులో ఉండేది, 1989లో భగవంతి కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది.

నా బేసిక్ పెన్షన్ 32,000. ఆఖరి జీతంలో సగం అది. ఫ్యామిలీ పెన్షన్ ఆ జీతంలో 30 శాతం, అంటే 19,200, పైన కరువు భత్యం (డీఆర్). నువ్వు పెళ్లైన కూతురివి, నీకెట్లాగూ రాదు. ఆమె పేరు తీయించితే మిగిలేది గవర్నమెంటుకే తల్లీ, మనకు కాదు.

ఇంకో సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఆమె మొదటి భర్త ఆర్టీసీ డ్రైవరు. ఆయన పోయాక పీఎఫ్ వాళ్ల పెన్షన్ పథకం ఈపీఎస్ కింద నెలకు 2,140 వచ్చేది. ఆ పథకంలో వితంతు పెన్షన్ మళ్లీ పెళ్లి చేసుకునేదాకానే. 2019లో మా పెళ్లయ్యాక లైఫ్ సర్టిఫికెట్ కాగితంలో "పునర్వివాహం" దగ్గర అవును అని టిక్ పెట్టమని వేలు పెట్టి చూపించింది నేనే. ఆమె పెన్ను పట్టుకుని కాసేపు ఆగింది. "నా పెన్షన్ ఉంది గదా, ఇదెందుకు?" అన్నా. ఆ పాత పాసుబుక్కు పోయేటప్పుడు బిస్కెట్ డబ్బాలో పెట్టుకుని తీసుకుపోయింది.

మాకు ఎందుకు పొసగలేదో రాయను. ఆఖరికి వంటింట్లో రెండు ఉప్పు డబ్బాలు, రెండు కూరలు, ఇద్దరం వేర్వేరు వేళల్లో తినడం. తప్పు సగం నాది. మీ అమ్మ ఎట్లా చేసేదో రోజూ చెబుతూ పోయినా. ఎవరైనా ఎన్నాళ్లు వింటారు?

భరణం ఇస్తే సరిపోదా అంటావు. ఇప్పుడూ నెలకు 8,000 వేస్తూనే ఉన్నా. కానీ నేను పోయిన మరుసటి నెల ఎవరేస్తారు? ఆమె నీ గుమ్మం ముందు నిలబడాలా? నీకది ఇష్టం లేదు, ఆమెకు అంతకన్నా ఇష్టం లేదు. అందుకే విడాకులకు పోను. ఆమెకు ఈ మాట మొన్ననే చెప్పినా. "మీ ఇష్టం" అని పెట్టేసింది. నా మాదిరే.

నీ భయం ఇంటి గురించి అని తెలుసు. అది మీ అమ్మా నేనూ కట్టుకున్నది. విల్లు లేకపోతే భార్యకూ కూతురికీ సమాన భాగం. అందుకే ఇల్లు నీకే అని విల్లు రాసి, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయించినా. సాక్షులు నాతో పనిచేసిన ఇద్దరు మాస్టర్లు. ఇందులో ఆమెకు అభ్యంతరం లేదు. బ్యాంకులో నామినీగా నీ పేరే ఉంది, అయితే నామినీ అంటే సొంతదారు కాదని గుర్తుపెట్టుకో, డిపాజిట్లు కూడా విల్లులో రాయించినా.

దసరాకు పిల్లల్ని తీసుకునిరా. పీపీఓ కాపీ, విల్లు కాపీ బీరువాలో కింది అరలో ఉన్నాయి. తాళంచెవి మీ అమ్మ పెట్టే చోటే.

మీ నాయన