ఆజీ ఇంటికి వచ్చిన అందరికీ

ఇజ్రాయెల్‌లోని అష్డోద్‌లో నేను ఇంట్లో ఉండి చూసుకుంటున్న ఆజీ (మరాఠీలో ఆజీ అంటే అవ్వ) పోయిన సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలుసు. ఆమెకు 94 ఏళ్ళు. ఆ రోజుల్లో నాకు తోడుగా ఉన్నవాళ్ళకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెబుదామనుకున్నాను. మొదలుపెట్టగానే గొంతు పట్టేస్తోంది. అందుకే ఇలా రాస్తున్నాను.

మాది మహారాష్ట్ర సరిహద్దులో ఉన్న జుక్కల్ వైపు. మా సంతలో సగం బేరాలు మరాఠీలోనే సాగుతాయి. ఏజెన్సీవాళ్ళు ఈ ఇంటి అడ్రస్ ఇచ్చినప్పుడు, హీబ్రూ రాకుండా ఎలా నెట్టుకురావాలిరా దేవుడా అని టెన్షన్ పడుతూ వచ్చాను. ఆజీ తలుపు తీసి నన్ను ఎగాదిగా చూసి, మరాఠీలో "అన్నం తిన్నావా?" అంది. ప్రాణం లేచొచ్చింది.

ఆమె బెనె ఇజ్రాయెల్ యూదురాలు. వాళ్ళ పూర్వీకులు కొంకణంలో, అలీబాగ్ చుట్టుపక్కల పల్లెల్లో నూనె గానుగలు ఆడించేవాళ్ళు. శనివారం యూదులకి విశ్రాంతి రోజు, గానుగ కట్టేవాళ్ళు కాదు, అందుకే ఊళ్ళోవాళ్ళు వాళ్ళని శనివార్ తేలీ, అంటే శనివారపు గానుగవాళ్ళు, అనేవాళ్ళు. ఆజీ పుట్టి పెరిగింది బొంబాయిలో, చదువంతా మరాఠీలో. 1960ల మొదట్లో భర్తతో, చంటిపిల్లతో ఇజ్రాయెల్ వచ్చేసింది.

వచ్చిన కొత్తలోనే పెద్ద గొడవ. బెనె ఇజ్రాయెల్ వాళ్ళని వేరే యూదులు పెళ్ళి చేసుకోవాలంటే ముందు వీళ్ళ తాతముత్తాతల పుట్టుపూర్వోత్తరాలు విచారించాలని 1962లో రబ్బీలు (యూదు మతపెద్దలు) ఆదేశమిచ్చారు. 1964లో వీళ్ళలో చాలామంది జెరూసలేం వెళ్ళి బైఠాయించారు. పార్లమెంటు కలగజేసుకున్నాక గానీ అది సద్దుమణగలేదు. ఆజీ కూడా పిల్లని ఒళ్ళో పెట్టుకుని అక్కడ కూర్చుందట. ఆ కథ అడిగితే అవమానం గురించి రెండు ముక్కలు చెప్పి, మిగతా అరగంటా అక్కడ ఎవరెవరు పరిచయమయ్యారు, ఎవరి పిల్లకి ఎవరు సంబంధం చూశారు, టీ ఎవరు కాచారు, ఇదే. మనుషులంటే అంత పిచ్చి ఆమెకి.

శుక్రవారం సాయంత్రం మనవలు, మునిమనవలు దిగేవాళ్ళు. కోడికూర కొబ్బరిపాలతో చేయించేది. మాంసంలో పాలు, పెరుగు కలపకూడదని వాళ్ళ నియమం, అందుకని కొబ్బరిపాలు. మలీదా, అంటే అటుకుల నైవేద్యం, చేసే రోజైతే నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. అటుకులు నీళ్ళలో నానబెట్టనిచ్చేది కాదు. జల్లెడలో వేసి పైన నీళ్ళు చిలకరించాలి, రెండు వేళ్ళతో నొక్కితే మెత్తబడాలి గానీ ముద్ద కాకూడదు. ఆ తర్వాత కొబ్బరి కోరు, పంచదార, యాలకుల పొడి, చుట్టూ పళ్ళు. ఎలియా ప్రవక్త పేరు తలచుకుని పాడాక అందరికీ పంచేది, ముందు కింది ఇంటికి పంపేది. నా జొన్నరొట్టె మాత్రం ఆమెకి ఎప్పుడూ నచ్చలేదు. భాకరీ అంటే బియ్యప్పిండిదేనని చివరిదాకా వాదించింది. ఈ విషయంలో నేనూ తగ్గలేదు.

ఇప్పుడు కృతజ్ఞతల సంగతి.

2025 జూన్‌లో ఇరాన్‌తో యుద్ధం నడిచిన 12 రోజులూ మా బిల్డింగ్ కుర్రాళ్ళకి నేను రుణపడిపోయాను. పాత బిల్డింగ్, లిఫ్ట్ లేదు, షెల్టర్ కింద ఉంది. ఫోన్‌లో హెచ్చరిక మోగగానే ఎదురింటి జార్జియా ఆయన, పై అంతస్తు అబ్బాయి వచ్చి, ప్లాస్టిక్ కుర్చీతో సహా ఆజీని ఎత్తి మెట్లు దించేవాళ్ళు. ఆవిడేమో పల్లకీలో పెళ్ళికూతురిలా కూర్చుని, దారిలో ప్రతి తలుపు దగ్గరా "వీళ్ళు దిగారా?" అని అడిగేది. షెల్టర్‌లో అందరినీ లెక్కపెట్టుకున్నాకే నోరు మూసేది.

ఆజీ గురువారం రాత్రి నిద్రలోనే పోయింది. ఇక్కడ ఆలస్యం చేయరు, పైగా శుక్రవారం చీకటి పడితే వాళ్ళ విశ్రాంతి రోజు, షబ్బాత్, మొదలు. మధ్యాహ్నంలోపు పెట్టె లేకుండా, తెల్లబట్ట చుట్టి మట్టిలో పెట్టారు. కొడుకు కద్దీష్, పోయినవాళ్ళ కోసం చేసే ప్రార్థన, చదివాడు. వెనక నిలబడ్డ నన్ను పెద్దమ్మాయి చెయ్యి పట్టుకుని ముందుకు లాక్కెళ్ళింది. ఇంటికొచ్చాక అలవాటుకొద్దీ గిన్నెలు తోముతుంటే, కుళాయి కట్టేసి తన పక్కన చిన్న పీట వేసి కూర్చోబెట్టింది. దుఃఖం పాటించే ఏడు రోజులూ ఆ ఇంటికి బయటివాళ్ళే వండి తెచ్చే ఆనవాయితీ. కింది ఇంటి మొరాకో ఆంటీ ఉడికించిన గుడ్లు, పప్పు తెచ్చి నాకూ ఒక గిన్నె చేతిలో పెట్టింది. అక్కా, అన్నా, మీ తల్లి పోయిన దుఃఖంలో కూడా నన్ను మర్చిపోలేదు మీరు. చట్టప్రకారం నాకు రావాల్సిన డబ్బు అడగకముందే లెక్కగట్టి ఇచ్చారు. మీకు ఎలా చెప్పాలో నాకు తెలియదు.

మనవాళ్ళ గురించి. శుక్రవారం మధ్యాహ్నం దాటితే బస్సులుండవు, మళ్ళీ శనివారం రాత్రే. అది తెలిసే జగిత్యాల తమ్ముడు, నరసాపురం అక్క టెల్ అవీవ్ నుంచి వచ్చేశారు. వారానికి దొరికే ఒక్క సెలవూ నా దగ్గర నేల మీద పడుకుని గడిపారు. బయట వండింది ఆ వంటింట్లోకి తేకూడదని అక్కకి తెలుసు. పులిహోర కలిపే మనిషి సంచి నిండా పళ్ళు మాత్రమే పట్టుకొచ్చింది. అక్కడ ఊళ్ళో మా అమ్మ తలస్నానం చేసి ఆ పూట పొయ్యి వెలిగించలేదట. వీడియో కాల్‌లో తప్ప ఎన్నడూ చూడలేదు ఆజీని. ఇద్దరూ మరాఠీలో నా మీద చాడీలు చెప్పుకునేవాళ్ళు.

చూసుకునే మనిషి పోతే 90 రోజుల్లో ఇంకో ఇల్లు వెతుక్కోవాలి, లేదంటే వీసా ఇబ్బంది. నేనింకా ఆ మాట ఎత్తనే లేదు, చిన్నమ్మాయి ఆజీ ఫోన్ నంబర్ల పుస్తకం తీసి కూర్చుంది. అట్ట ఊడిపోయిన నోట్‌బుక్ అది. ప్రతి పేరు పక్కనా పుట్టినరోజు, పిల్లల పేర్లు, ఎవరికి షుగర్ ఉందో కూడా మరాఠీలో రాసుంటుంది. "ర" దగ్గర ఆజీతో ఒకప్పుడు ఫ్యాక్టరీలో పనిచేసిన స్నేహితురాలు దొరికింది. రెహోవోత్‌లో ఉంటుంది, మనిషి కోసం చూస్తోందట. వచ్చే నెల నుంచి నేను అక్కడే. ఆమెకీ బియ్యప్పిండి భాకరీయే ఇష్టమట.

వచ్చే ఆదివారం సాయంత్రం ముప్ఫయ్యో రోజు పేరిట సమాధి దగ్గరికి వెళ్తున్నాం. అక్కడ పూలు పెట్టరు, చిన్న రాయి పెడితే చాలు. తర్వాత ఇంట్లో మలీదా, అటుకులు నేనే తడుపుతున్నాను. అష్డోద్‌లో ఉన్న మనవాళ్ళు ఎవరొచ్చినా సంతోషమే, ముందు నాకు ఒక్క మెసేజ్ పెట్టండి, అటుకులు ఎన్ని కొనాలో తెలియాలి.