ఈసారి కత్తెర నా చేతిలో లేదు

మన టైలరింగ్ షాపు కస్టమర్లందరికీ నమస్కారం.

సూటిగా చెప్పేస్తాను, లేకపోతే మీ చెవిన పడేలోపు కథకి చిలవలు పలవలు పుడతాయి. నాకు థైరాయిడ్ క్యాన్సర్ అని తేలింది. పాపిల్లరీ రకం. థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువమందికి వచ్చేది, చాలావరకు నెమ్మదిగా పెరిగేది ఇదే. వచ్చే వారం ఆపరేషన్. గ్రంథి మొత్తం తీసేస్తారు.

"ఇది మంచి క్యాన్సరేలే, భయపడకు" అని ఇప్పటికే చాలామంది ధైర్యం చెప్పారు. అంత మంచిదైతే మీరే ఉంచుకోండి అనాలనిపించింది. నా మీద ప్రేమతోనే అంటున్నారని తెలుసు, కానీ కత్తి నా మెడ మీదికి వస్తోంది కదా. భయంగానే ఉంది. రాత్రిళ్లు నిద్ర సరిగా పట్టడం లేదు. నవ్వినంతసేపు మాత్రం కాస్త ఊపిరాడుతోంది.

డాక్టరుగారు బొమ్మ గీసి అంతా వివరించారు. స్వరపేటికకు వెళ్లే నరాలు థైరాయిడ్ వెనకనుంచే పోతాయట, అందుకని కొన్నాళ్లు గొంతు బొంగురుపోవచ్చన్నారు. ఈ కబురు విని మా ఇంట్లో ఎవరూ పెద్దగా దిగులు పడలేదు. అక్కడే కాల్షియం సంగతి చూసుకునే బుల్లి గ్రంథులు కూడా ఉంటాయి, మామూలుగా నాలుగు. వాటికి దెబ్బ తగిలితే కాల్షియం పడిపోయి పెదాల చుట్టూ, వేళ్లలో తిమ్మిర్లు వస్తాయట. వేళ్లు అనగానే నాకు అసలు టెన్షన్ మొదలైంది. సూదిలో దారం ఎక్కించి బతికేవాళ్లం! ఆపరేషన్ తర్వాత రక్తపరీక్షలు చేస్తూ ఉంటామనీ, తగ్గితే మాత్రలిస్తామనీ చెప్పారు. అవి కాక, తీసేసిన గ్రంథి చేసే హార్మోన్‌కి బదులుగా థైరాక్సిన్ మాత్ర రోజూ పరగడుపున, జీవితాంతం.

ఇంకేమైనా అడగాలా అన్నారు. కుట్ల గురించి అడిగాను, అలవాటు పోదుగా. మెడ ముడతలోనే కోసి, లోపల కరిగిపోయే దారంతో కుడతారట. కరిగిపోయే దారంతో నేను చొక్కా కుట్టి ఇస్తే మీరు ఊరుకునేవారా?

ఇక మీ బట్టల సంగతి. ట్రయల్ దాకా వచ్చినవన్నీ ఆపరేషన్‌లోపే ఇచ్చేస్తాను. కత్తిరించని గుడ్డలు పేరు రాసి బీరువాలో పెట్టాను. ఆగగలిగితే ఆగండి. తొందరుంటే గుడ్డా అడ్వాన్సూ రెండూ తీసుకెళ్లండి, నేనేమీ అనుకోను. కొత్త ఆర్డర్లు మాత్రం మళ్లీ మిషన్ ముందు కూర్చున్నాకే. అది ఎప్పుడన్నది తీసిన గ్రంథి బయాప్సీ రిపోర్టు వచ్చి, రేడియో అయోడిన్ (మిగిలిపోయిన థైరాయిడ్ కణాల్ని చంపే మందు) అవసరమో కాదో తేలాక చెబుతాను.

ఫోన్ చేయకండి, మెసేజ్ పెట్టండి. ఆకు పసర్ల వైద్యాలూ, ఎవరికో ఏదో అయిపోయిందన్న కబుర్లూ వద్దు. జోకులు పంపండి. మరీ పగలబడి నవ్వించేవి ఉంటే కుట్లు మానేదాకా మీ దగ్గరే ఉంచండి.