గడువు తేదీ ఒక్కటే రాసుకుంటే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

ఏదైనా వెబ్‌సైట్ తెరవబోతే బ్రౌజర్ హెచ్చరిక చూపించి అడ్డుపడగానే చాలామంది ‘హ్యాక్ చేశారేమో’ అని కంగారుపడతారు. సర్వర్లు చూసుకునే మాలాంటివాళ్లం ముందు చూసేది సర్టిఫికెట్ (సైట్ అసలైనదేనని బ్రౌజర్‌కు రుజువు చూపే డిజిటల్ పత్రం) గడువు తేదీని. 2018 డిసెంబరులో టెలికాం పరికరాల సంస్థ ఎరిక్సన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక సర్టిఫికెట్ గడువు తీరిపోయి బ్రిటన్‌లో ఓ2, జపాన్‌లో సాఫ్ట్‌బ్యాంక్ మొబైల్ సేవలు స్తంభించాయి. 2020 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ టీమ్స్ కొన్ని గంటలు ఆగిపోయింది కూడా ఇందుకే. ఇంజనీర్లకు కొదవ లేని సంస్థలే ఇవి.

ఇప్పుడు గడువులు ఇంకా తగ్గుతున్నాయి. వెబ్‌సైట్ల సర్టిఫికెట్లకు 2020 నుంచి 398 రోజులుగా ఉన్న గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027లో 100, 2029లో 47 రోజులు అని బ్రౌజర్ కంపెనీలు, సర్టిఫికెట్లు జారీచేసే సంస్థలు కలిసి నిర్ణయించాయి. గడువు దగ్గరపడుతోందని, ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ పంపే ఈమెయిళ్లు కూడా 2025 జూన్‌తో ఆగిపోయాయి.

‘రెన్యువల్ అంతా ఆటోమేటిక్ కదా, రాసిపెట్టుకోవడం దేనికి’ అంటారు మా కుర్రాళ్లు. ఉద్యోగం మానేసి వెళ్లినవారి సర్వర్లు నా చేతికొచ్చినప్పుడు చూశాను. రెన్యూ చేసే స్క్రిప్ట్ తన పని తాను చేసింది, డిస్క్ మీద కొత్త సర్టిఫికెట్ ఉంది. వెబ్ సర్వర్‌ను రీలోడ్ చేయమని మాత్రం ఎవరూ దానికి చెప్పలేదు. దాంతో సర్వర్ మెమరీలో ఉన్న పాతదాన్నే చూపిస్తూ కూర్చుంది. లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే ట్రాఫిక్‌ను సర్వర్లకు పంచేది) మీద అదే సర్టిఫికెట్‌కు ఇంకో కాపీ ఉందని ఎక్కడా రాసి లేదు. సైట్ పేర్లను సర్వర్ల చిరునామాలతో కలిపే డీఎన్‌ఎస్ ఖాతా చూస్తే, వెళ్లిపోయినవారి ఈమెయిల్ మీదే ఉంది. ఇవన్నీ ఎలా చేయాలో రాసిన పేజీ ఒకటి ఉందన్నారు, వెతికి పట్టుకున్నాం. ఆ పేజీ ఉన్న అంతర్గత సైట్‌కే సర్టిఫికెట్ గడువు తీరింది! దానికి హెచ్‌ఎస్‌టీఎస్ (సురక్షిత కనెక్షన్ తప్ప వద్దని బ్రౌజర్‌కు చెప్పే సెట్టింగ్) పెట్టి ఉండటంతో ‘అయినా సరే ముందుకెళ్లు’ అనే దారి కూడా బ్రౌజర్ ఇవ్వలేదు.

కాబట్టి గడువు తేదీల పట్టికనే డాక్యుమెంటేషన్ అనుకోవద్దని నా మనవి. ఏ పేర్లకు సర్టిఫికెట్ తీసుకున్నాం, ఏయే మెషీన్లలో కాపీలున్నాయి, ప్రైవేట్ కీ (సర్టిఫికెట్‌కు జతగా ఉండే రహస్య తాళంచెవి) ఎక్కడ ఉంది, ఎవరికి యాక్సెస్ ఉంది అన్నవి అందులో ఉండాలి. (కీని మాత్రం అందులో అతికించకండి మహాప్రభో, అది కూడా చూశాను.) రెన్యూ అయ్యాక ఏ సర్వీసును రీలోడ్ చేయాలో, బయటి నుంచి కనెక్ట్ అయి కొత్త తేదీ వస్తోందో లేదో ఎలా చూడాలో ఆదేశాలతో సహా రాయాలి. ఖాతాలు వ్యక్తుల పేరిట కాక టీమ్ ఈమెయిల్ మీద ఉండాలి. ఆ పేజీ కాపీ ఒకటి ఆ సర్వర్లకు సంబంధం లేనిచోట ఉండాలి.

ఈ రాతపనికి మేనేజర్లు పనివేళల్లోనే సమయం ఇవ్వాలి. తర్వాతి రెన్యువల్‌ను, రాసినవారు కాకుండా ఇంకొకరు, ఆ పేజీ ఒక్కటే చూసి చేయాలి. వాళ్లు ఎక్కడ ఆగి ఫోన్ చేస్తారో అక్కడ ఒక లైన్ తక్కువైందన్నమాట. అది అప్పటికప్పుడే చేర్చాలి.

ఇట్లు,
ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్